నలుసు తీసే ఇల్లు

మా ఊరి నుంచి ఆలూరుకు పదకొండు కిలోమీటర్లు. ఆలూరు నుంచి పత్తికొండ మీదుగా కర్నూలుకు దాదాపు తొంభై ఎనిమిది. కారులో అయితే రెండు గంటల నలభై నిమిషాలు, బస్సులు మారి వస్తే నాలుగున్నర గంటలు. మనిషి కంటి నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర మందం, మధ్యభాగంలో, అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. తాగునీటిని పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగకాలమంతా గడిపినదాన్ని కాబట్టి, ఏ విషయం చెప్పినా ముందు కొలతలు చెప్పడం నాకు అలవాటయింది. ఈ అధ్యాయంలో చెప్పబోయే సంగతిలో ఆ కొలతలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఉండి కూడా ఎందుకూ పనికిరాలేదు.

కిందటి కార్తీకంలో ఒక మంగళవారం ఉదయం ఏడుంబావుకు మా అక్క కోడలు జయమ్మ ఫోను చేసింది. అక్క పేరు పార్వతి, నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను ఉద్యోగరీత్యా కర్నూలు చేరి, విరమణ తరువాత కూడా అక్కడే ఉండిపోయాను. అక్కకు ఇల్లరికపు సంబంధం కుదరడంతో ఆమె మా ఊళ్లోనే, మేమిద్దరం పుట్టిన మట్టిమిద్దెలోనే, ఇప్పుడు కొడుకూ కోడలితో ఉంటోంది.

"చిన్నత్తా, అత్త కన్ను తెరస్తా లేదు. నీకు సెప్పొద్దనింది. వాకిట్లోకొచ్చి దొంగగా ఫోను చేస్తాండా."

"ఏ కన్ను?" అన్నాను. అడగనక్కరలేని ప్రశ్న. అక్కకు ఉన్నది ఒక్క కన్ను, కుడిది.

"పోయిన గురువారం బుడ్డల మిషను కాడ నిలబడుకోనుంటే పొట్టు ఎగిరొచ్చి పడింది. ఆ దినం నుంచీ సెప్తానే ఉండా, కర్నూలికి పోదాం పా అత్తా అని. ఇంటే కదా!"

"కంట్లో ఏం పోసినారు?"

అవతల వేరుశనగ మిషను మోత వినిపించింది.

"అన్నీ పోసినాం చిన్నత్తా," అంది జయమ్మ.

నేను పదిన్నరకు ఊరు చేరాను. అక్క నడవలో నులకమంచం మీద గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. కంటికి పాత చీర చింపి మడత పెట్టి కట్టారు. ఆ గుడ్డ అంచు నుంచి పసుపు రంగు ద్రవం కారి చెంప మీద గీతలా ఎండిపోయింది. మంచం కోడు పక్కన ఇత్తడి గిన్నెలో ఆముదం, అందులో వాడిన నందివర్ధనం రేకులు. ఉల్లిగడ్డ రసం వాసన, పాలు పులిసిన వాసన, వాటన్నిటి అడుగున మరగకాచిన ఆముదం వాసన. గుమ్మం దాటిన ఆ క్షణంలో నాకు అరవై దాటిన వయసు లేదు, చదువు లేదు. తొమ్మిదేళ్ల పిల్లనై అదే నడవలో, అదే వాసనలో నిలబడి ఉన్నాను.

మా ఇంటికి ఊరు పెట్టిన పేరు 'నలుసు తీసే ఇల్లు'. నాయన తల్లి నాగమ్మవ్వ కంట్లో పడ్డ నలుసును నాలుకతో తీసేది. చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్ల నుంచి జనం వచ్చేవాళ్లు. కళ్లాల కాలంలో తెల్లవారేసరికే అరుగు మీద నలుగురైదుగురు ఒక కన్ను చేత్తో మూసుకొని, రెండో కంటి నుంచి కూడా నీళ్లు కారుస్తూ కూర్చుని ఉండేవారు. అవ్వ తొందరపడేది కాదు. ముందు నోట్లోని ఆకువక్క ఉమ్మి, ఉప్పునీళ్లతో మూడుసార్లు పుక్కిలించేది. వచ్చినవాళ్లను తూర్పుముఖంగా కూర్చోబెట్టి, తల తన మోకాళ్ల మధ్య పెట్టుకొని, రెండు బొటనవేళ్లతో రెప్పలు విడదీసేది. ఏళ్ల తరబడి ఆకు నమిలి ఎర్రబడిన ఆ నాలుక కొస సన్నగా గట్టిపడి, పైరెప్ప లోపలికి వెళ్లి, ఒక్క చుట్టు తిరిగి బయటికి వచ్చేది. తరువాత దానిని చూపుడువేలి గోటి మీద ఒత్తి, వచ్చినవాళ్ల మంచి కంటికి ఎదురుగా పెట్టి, "ఇదో, సూడు నీ మొగుడు," అనేది. మగవాళ్లయితే "నీ పెండ్లాము." గోటి మీద ఒక కొర్రపొట్టో, ఇసుకరేణువో ఉండేది. ఏడుస్తూ వచ్చినవాళ్లు నవ్వుతూ వెళ్లేవారు. అవ్వ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పుచ్చుకుంటే నాలుక మొద్దుబారుతుందని ఆమె నమ్మకం.

ఆ పని చుట్టూ ఇంట్లో ఒక దినచర్యే ఉండేది. పెరట్లో నందివర్ధనం చెట్టును కంటిమందుకోసమే పెంచేవాళ్లం. దేవుడికి కూడా ఆ పూలు కోసేవాళ్లం కాదు. ఏటా ఆముదాలు వేయించి, దంచి, పెద్ద కుండలో నీళ్లతో మరిగించి పైకి తేలిన నూనెను అమ్మ గరిటెతో తీసి, గుడ్డలో వడకట్టి జాడీలో పోసేది. ఆ జాడీ మూతకు ఒక కోడి ఈక కట్టి ఉండేది. ఈకను నూనెలో ముంచి కంటి కొనలో చుక్క వేయడం. ఒక కంట్లో వేసిన ఈకే మళ్లీ జాడీలోకి, అక్కడి నుంచి మరొక కంట్లోకి. తరువాతి కాలంలో నేను ప్రయోగశాలలో ఒక గాజుగొట్టం నుంచి మరొకదానికి తీగకొసతో సూక్ష్మజీవులను మార్చి పెంచడం నేర్చుకున్న రోజున, గురువుగారు చేసి చూపిస్తుండగా నా కళ్ల ముందు కదిలింది ఆ కోడి ఈక.

అవ్వ దగ్గరికి వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి నిజంగానే బాగయ్యేది. ఇది నేను దాచను. నలుసు బయటికి వస్తే పై పొర మీది చిన్న గీకుడు చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తనంతట తనే మానుతుంది. ఉమ్మి, ఈక, నూనె అన్నిటినీ తట్టుకొని మానుతుంది. మానని కళ్లవాళ్లు అవ్వ దగ్గరికి తిరిగి వచ్చేవారు కాదు. వాళ్లు ఏ దేవుడి దగ్గరికో, తమ రాత మీది నిందలోకో వెళ్లిపోయేవారు. అందువల్ల అవ్వకు తన వైఫల్యం ఎన్నడూ కంటపడలేదు, సొంత మనవరాలి రూపంలో వచ్చేదాకా.

అక్కకు పదిహేనో ఏడు. కళ్లంలో కొర్రలు తూర్పారబడుతున్నారు. గాలి ఉన్నట్టుండి తిరిగింది. చేట ఎత్తి నిలబడ్డ అక్క ఎడమ కంట్లో పొట్టు పడింది. అవ్వ అక్కడే ఉంది. కళ్లం మధ్యలోనే తల ఒళ్లో పెట్టుకొని నాలుకతో తీసి, గోటి మీద చూపించింది. అక్క నవ్వింది కూడా. మరునాటికి కన్ను ఎర్రబడింది. అవ్వ మళ్లీ నాలుక పెట్టింది, ఏమీ దొరకలేదు. ఆముదం, తరువాత నందివర్ధనం పూలరసం, తరువాత చనుబాలు. మగబిడ్డకు పాలిచ్చే తల్లి పాలే పనికొస్తాయనేవారు. మా వెనకింటి మాబున్నికి అప్పుడు చంటిపిల్లవాడు. ఆమె రోజుకు మూడుసార్లు, తన పిల్లవాడిని ఏడవనిచ్చి మరీ వచ్చి, అక్క మీదికి వంగి నేరుగా కంట్లోకి పాలు పిండేది. "అల్లా నీ కన్ను సల్లగ సూడాల బిడ్డా," అనేది. ఇంత ప్రేమగా మనిషికి మనిషి చేటు చేయగలగడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపించింది. జొన్నగింజంత ఉండింది, తరువాత పెరిగింది. అక్క గోడకు తల కొట్టుకునేది. నాయన వాకిట్లో అటూ ఇటూ తిరిగి, "ఆదోనికన్నా తీసకపోదాం మా," అనేవాడు. అవ్వ, "నా సేతిలో కండ్లు ఎన్ని బాగాయె, నా మనవరాలిది కాదా? ఇంగా రొండు దినాలు సూడు," అనేది. ఆమె గొంతులో పంతం ఉందని అప్పుడు అనుకున్నాను. భయమని ఇప్పుడు తెలుస్తోంది. తొమ్మిదోనాడు బండి కట్టి, ఆలూరులో బస్సెక్కించి, కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అప్పటికి పొర చిల్లుపడి కన్నంతా చీము పట్టింది. ఏం పోశారని డాక్టరు అడిగితే, అవ్వ పేరు బయటికి వస్తుందని నాయన "ఏమీ పోయలేదు సారూ" అన్నాడట. చీము లోపలికి పాకకుండా కన్ను తీసేశారు. ఖర్చులకు ఎద్దుల జత అమ్మారు.

ఇంటికి వచ్చిన తరువాత ఊరు ఆలోచించిన తీరులో తర్కం లేదని నేను అనను. ఆసుపత్రికి పోయేటప్పుడు పిల్లకు కన్ను ఉండింది, వచ్చేటప్పుడు లేదు. చూసినవాళ్లు చూసింది చెప్పారు. "ఆముదమేసి ఇంట్లో పండుకోబెట్టింటే మచ్చతో పోతుండె. ఆడికి తీసకపోయి కన్నే పీకించుకోనొచ్చిరి," అన్నారు. అక్క కూడా అదే నమ్మింది. కన్ను పోయిన పిల్లకు నమ్మడానికి రెండు దారులే ఉన్నాయి: తనను ఒళ్లో పెట్టుకొని పెంచిన అవ్వ పోగొట్టిందనుకోవడం, ముఖం తెలియని డాక్టరు పోగొట్టాడనుకోవడం. పదిహేనేళ్ల పిల్ల ఏది ఎంచుకుంటుంది?

ఆ వేసవిలో అవ్వ అక్కకు తన విద్య నేర్పడం మొదలుపెట్టింది. అరుగు మీద గిన్నెలో నీళ్లుపోసి, అందులో ఆవగింజ వేసి, కళ్లు మూసుకొని నాలుక కొసతో వెతికి తీయమనేది. నాయన ఒకసారి కోప్పడ్డాడు.

"దాని కన్ను పోయింది సాల్లేదా మా? ఇంగా ఇదెందుకు?"

"ఒంటికంటి పిల్లని ఊరు మర్సిపోతాదిరా," అంది అవ్వ. "ఈ పని సేతనైతే దీని వాకిలి ఎతుక్కుంటా వస్తారు. నేను పోతే దీన్ని ఎవురు సూస్తారు సెప్పు?"

అవ్వ లెక్క తప్పలేదు. ఆమె పోయాక నలభై అయిదేళ్లు ఊరంతా అక్క వాకిలి వెతుక్కుంటూ వచ్చింది. ఊళ్లో పెళ్లి జరిగినా, పంచాయితీ జరిగినా అక్కకు ముందు పీట వేశారు. ఒంటికంటిది అని ఎవరూ అనలేదు. 'నలుసు పార్వతమ్మ' అన్నారు. ఆమె గౌరవమంతా ఆ నాలుక కొస మీద నిలిచి ఉంది. దాన్ని వదిలెయ్యి అక్కా అని నేను చెప్పిన ప్రతిసారీ ఏమి వదులుకోమని అడుగుతున్నానో నాకు తెలుసు. అయినా చెప్పాను, చెబుతూనే వచ్చాను. ఒక ఏడాది ఆమె జాడీలోని ఆముదం ఒక చుక్క తీసుకుపోయి, మా ప్రయోగశాలలో గాజుపళ్లెంలో పోషకపదార్థం మీద వేసి పెంచాను. అయిదోరోజుకు పళ్లెమంతా బూజు, బూడిదరంగు దూది పరిచినట్టు. ఫొటో తీసి తెచ్చి చూపించాను. అక్క దాన్ని కంటికి దగ్గరగా పట్టుకొని తీరిగ్గా చూసింది.

"ఇవి పురుగులా?"

"పురుగుల్లాంటివే. బూజు. కంట్లో పడితే గుడ్డును తినేస్తుంది."

"పెరుగులో కూడా పురుగులుంటాయని నువ్వే కదే సెప్పితివి? కడుపుకు మంచివని. మనం రోజూ తింటాలేమా?"

"అవి వేరే అక్కా."

"ఊరుకోవే. నీ పురుగులు కర్నూల్లో పుట్టినవి, నా ఆముదం ఆలూరిది. రొండూ ఒకటెట్లయితాయి?" అని పకపకా నవ్వింది. జయమ్మ కూడా నవ్వింది. చివరికి నేనూ నవ్వాను.

తరువాత కర్నూలులో కంటిడాక్టరును అడిగి, ఎవరికైనా కళ్లు మండితే వేయడానికని మూతకు సీలు ఉన్న చుక్కల మందు సీసాలు అక్కకు పంపుతూ వచ్చాను. ఏ నలుసు పడినా మంచినీళ్లతో కడిగి, ఇవి వేసి, నొప్పి తగ్గకపోతే మరునాడే ఆసుపత్రికి పంపమన్నాను. అవి అయిపోయాయని అక్క ఫోను చేసి మరీ అడిగేది. నా మాట వింటోందని సంతోషించాను. ఆ మంగళవారం నులకమంచం పక్కన నేను పంపిన సీసా ఒకటి కనిపించింది. తీసి చూస్తే లోపల చిక్కటి పసుపు నూనె. జయమ్మ చెప్పింది: "ఆ మందు ఒకేతూరి కాలువలో పోసేస్తాది చిన్నత్తా. సీసాలో ఆముదం పోసుకుంటే సుక్క సరిగ్గ పడతాదంట. ఈక కంటే ఇదే మేలంటాది."

గుడ్డ విప్పి చూశాను. పూలరసం వేసీ వేసీ రెప్పలు అతుక్కుపోయి ఉన్నాయి. ఉప్పునీళ్లతో తడిపి విడదీస్తే, నల్లగుడ్డు మధ్యలో బూడిదరంగు మచ్చ, అంచులు ఈకల్లా చీలి ఉన్నాయి. ఆ అంచులను నేను గాజుపళ్లెంలో ఎన్నోసార్లు చూశాను.

"పోదాం పా అక్కా. కారు వాకిట్లో ఉంది."

"నేను రాను."

"ఈ కన్ను కూడా పోతుంది."

"ఆ కన్ను యాడ పోయింది? ఆసుపత్రిలోనే కదా. ఇది నా ఇంట్లో ఉండనీ." కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కంటిపోటుకు దవడ బిగించింది. "నువ్వు ఈడ కూచో. ఏడవగాకు. నొప్పి రేపటికి దిగుతాది."

కంటికి ఉతికిన గుడ్డ మళ్లీ కట్టి, గంటన్నర బతిమాలాను. కోప్పడ్డాను. చిల్లు పడితే ఏమవుతుందో విడమరిచి చెప్పాను. ఆమె కొడుకు పొలం నుంచి వచ్చి, "మా, పిన్ని మాట ఇనుమా," అని తలుపు పట్టుకొని నిలబడ్డాడు. ఆ సమయంలోనే వాకిట్లో దగ్గు వినిపించింది. దక్షిణపు వీధి ఈరన్న, యాభై ఏళ్ల రైతు, ఒక కన్ను తువ్వాలతో మూసుకొని నిలబడి ఉన్నాడు.

"పార్వతక్కా, బుడ్డల మిషను కాడ పొట్టు పడింది."

"అక్కకే బాగలేదు ఈరన్నా," అన్నాను. "ఆలూరు ఆసుపత్రికి పో. ఇట్లా నాలుకతో తీయించుకోవద్దు. కన్ను చెడిపోతుంది."

"మీరు శానా సదివినోళ్లులేమ్మా. మా నాయన కన్ను, నా కన్ను, నా పెండ్లాము కన్ను, అన్నీ ఈ ఇంట్లోనే బాగాయె. ఆడికి పోతే దినమంతా కూచోబెడతారు. మిషను బాడిగ ఎవురు కడతారు?"

అక్క అప్పటికే గోడ పట్టుకొని లేచింది. కుండ దగ్గరికి తడుముకుంటూ వెళ్లి మూడుసార్లు పుక్కిలించింది. "తూర్పుకు కూచోప్పా," అంది. నేను అడ్డం నిలబడ్డాను. ఈరన్న, "పక్కకు రామ్మా, మంటగా ఉండాది," అన్నాడు. చీము తుడుచుకున్న ఆ వేళ్లతోనే అక్క అతని రెప్పలు విడదీయబోతుంటే, చేతులు పట్టుకొని సబ్బుతో కడిగించాను. నా వల్ల అయింది అంతే. గుడ్డ కట్టిన కంటితో, ఏమీ చూడకుండా, ఆమె నాలుక ఒక్క చుట్టు తిరిగింది. వేలి మీద ఒత్తుకొని గోరు ముందుకు చాపింది. చాపి, నా వైపు తిప్పింది.

"సూడే సుశీలా. వచ్చిందా?"

గోటి మీద వేరుశనగ గింజ మీది ఎర్రపొట్టు ముక్క ఉంది. ఆవగింజలో సగం ఉంటుంది. నేను ఉద్యోగకాలమంతా ఉన్నదాన్ని ఉన్నట్టు రాసిన మనిషిని.

"వచ్చింది," అన్నాను.

ఈరన్న కన్ను ఆర్పి చూసుకొని, "సల్లగాయె తల్లీ! ఇదేం నా పెండ్లామని సెప్పకపోతివే?" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. అక్క నవ్వలేదు. మంచం మీద కూర్చుని చాలాసేపు గోరును కంటికట్టు దగ్గరికి తెచ్చుకొని, కట్టు పైకి జరిపి, రెప్ప చేత్తో ఎత్తి పట్టుకొని చూసింది.

"నాకు కనపళ్లేదే," అంది. "పొట్టు కాదు. నా గోరే కనపళ్లేదు."

కాసేపటికి, "పా," అంది.

కర్నూలు ఆసుపత్రిలో ఏం పోశారని డాక్టరమ్మ అడిగింది. నాయనలాగా నేను దాచలేదు. తన కంట్లో తను నాలుక పెట్టుకోలేదు కాబట్టి ఉమ్మి ఒక్కటి తప్ప అన్నీ, ఆముదం, ఉల్లిగడ్డ రసం, పూలరసం, పక్కింటి బాలింత పాలు అని వరసగా చెప్పాను. అక్క తల వంచుకొని విన్నది. డాక్టరమ్మ కోప్పడలేదు, రోజూ ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారు కాబోలు. మచ్చను గీకి పరీక్షకు పంపితే బూజేనని తేలింది. పొలంలోని పొట్టు మీదే వచ్చిందో, ఆముదంలోంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరంది. ఒకటి రెండు రోజుల్లో వచ్చి ఉంటే చుక్కలతోనే సరిపోయేదేమో అంది. గంటకోసారి చుక్కలు, రాత్రింబవళ్లు, మూడు వారాలు నేనూ జయమ్మా వంతులేసుకొని వేశాం. నాలుగో వారంలో పొర పలచబడి చిల్లుపడింది. దానం చేసినవారి పొర కుట్టారు. దానికి కూడా బూజు పట్టింది.

నాయన బండి కట్టిన రోజున దారి ఒక పగలంతా తినేసింది. ఇప్పుడు మూడు గంటలు కూడా పట్టలేదు. అప్పుడు ఈ చుట్టుపక్కల కంటిడాక్టరు లేడు. ఇప్పుడు ఉన్నాడు, ఫోనుంది, కారుంది, మందుంది, ఇంట్లోనే సూక్ష్మజీవులు తెలిసిన చెల్లెలుంది. అప్పటి తొమ్మిదిరోజులు ఇప్పుడు అయిదయ్యాయి. తగ్గిన నాలుగు రోజులూ రోడ్డూ ఫోనూ తగ్గించినవే. నా చదువు ఒక్క పూటనైనా తగ్గించలేదు.

పోయినవి ఇవీ. ఎడమ కన్ను, పదిహేనో ఏట, తీసేశారు. ఒక జత ఎద్దులు. కుడి కన్ను, అరవై తొమ్మిదో ఏట. కిటికీ ఏ పక్క ఉందో తెలుస్తుంది, చెయ్యి ఊపితే తెలుస్తుంది, వేళ్లు ఎన్నో తెలియదు. ఖర్చులకు ఒక ఏడాది వేరుశనగ పంట. దానంగా వచ్చిన ఒక కంటిపొర. ఈరన్న కన్ను పోలేదు. బాగుంది, ఆ మాట ఊరంతా చెబుతున్నాడు. అక్క దగ్గరికి వారానికి ఇద్దరు ముగ్గురు వస్తున్నారు. నలుసు వచ్చిందో లేదో జయమ్మ చూసి చెబుతుంది.